కోట పక్క మైదానంలో ఐదు బ్యాండ్లు: సౌండ్ సంగతి

మీ ప్రశ్న సారాంశం ఇదీ కదా: విజయనగరం కోట పక్క మైదానంలో నవంబరు చివరి వారంలో ఒక సాయంత్రం, ఐదు కుర్ర బ్యాండ్లు, వాటిలో ఒకదాంట్లో బొబ్బిలి వీణ, మధ్యలో తప్పెటగుళ్ల బృందం, జనం ఐదారు వందలు. మైక్ సెట్ ఆయన నాలుగు టాప్ బాక్సులు (గొంతూ పై శ్రుతులూ పలికేవి), నాలుగు బేస్ బాక్సులు, పదహారు చానళ్ల మిక్సరు ఇస్తానన్నాడు. జనరేటరు టెంట్ హౌస్ వాళ్లది. మిక్సరు మీద ఏ నాబ్ ఎక్కడ పెట్టాలో చెప్పమన్నారు, ఇంకో రెండు బేసులు తెప్పించాలా అని కూడా అడిగారు.

బేసులు వద్దు. ఆ డబ్బుతో ఒక మంచి ఎలక్ట్రీషియన్‌ని సాయంత్రమంతా అక్కడే ఉండేట్టు మాట్లాడుకోండి. నాబ్‌ల సంగతి చివర్లో చెబుతాను. ఆరుబయట కచేరీలో ఆ పని నిజంగానే చివర్లో వస్తుంది. కరెంటు ఎలా వస్తోంది, బాక్సులు ఎక్కడ నిలబడ్డాయి, స్టేజీ మీద గోల ఎంత, ఒక బ్యాండు దిగి ఇంకోటి ఎక్కే మధ్యలో ఏం జరుగుతోంది, ఈ నాలుగూ కుదిరితే పాట మాట మాటా వినపడుతుంది. కుదరకపోతే ఎంత ఖరీదైన మిక్సరు తెచ్చినా మీరు రాత్రంతా దాని మీద వంగి చెమటలు కక్కుతూనే ఉంటారు.

ముందు కరెంటు. మీకు వచ్చే జనరేటరు మూడు ఫేజులది అయ్యుంటుంది. మూడింటికీ కలిపి న్యూట్రల్ ఒక్కటే. ఆ న్యూట్రల్ బోల్టు వదులైతే లోడు తక్కువున్న ఫేజు మీద 230 వోల్టులు ఉండాల్సిన చోట 300 దాటిపోతుంది, ఒక్కోసారి 400 దగ్గరికి పోతుంది. అంతే, కీబోర్డు అడాప్టరు మొదలుకొని యాంప్లిఫయర్ల దాకా ఒకేసారి పొగ. జాతరల్లో కాలిపోయిన సెట్ల వెనక నేను ఎక్కువగా చూసిన కారణం ఇదే. వానలూ పిడుగులూ దీని తర్వాతే. అందుకని జనరేటరు స్టార్టు చేశాక, ఒక్క ప్లగ్గు కూడా పెట్టకముందు, మల్టీమీటరుతో ప్రతి బోర్డూ చూడాలి. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 220 నుంచి 240 లోపు ఉండాలి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులు మించకూడదు. మించితే ఎర్తింగ్ సరిగా లేదనో, న్యూట్రల్ వదులైందనో అర్థం. సరిచేసేదాకా ఏదీ తగిలించనివ్వకండి, స్టేజీ మీద ఎవరెంత తొందరపెట్టినా సరే.

మిక్సరు, యాంప్లిఫయర్లు, స్టేజీ మీద గిటారు యాంపులు అన్నీ ఒకే ఫేజు మీద, ఒకే ఎర్త్ మీద ఉండాలి. లైట్లు వేరే ఫేజు మీద. గిటారు ఒక చోట నుంచీ మైకు ఇంకో చోట నుంచీ కరెంటు తీసుకుంటే, తీగల మీద చేతులుండగా పెదాలు మైకుకు తగిలినప్పుడు పాడేవాడికి షాకు కొడుతుంది. అది నవ్వుకునే చిటుక్కుమనే షాకు కాకపోవచ్చు కూడా. స్టేజీ బోర్డుకి 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు) పెట్టించండి. జుమ్మని హమ్ వస్తోందని ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరగ్గొట్టేవాళ్లు మన దగ్గర ఇంకా ఉన్నారు. అలాంటి ప్లగ్గు కనపడితే పక్కన పెట్టేయండి, మొహమాటపడొద్దు. హమ్ పోవాలంటే డీఐ బాక్సు (వాయిద్యాన్ని మిక్సరుకి కలిపే చిన్న పెట్టె) మీద గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్చు ఉంటుంది, దాని పనే అది. లాప్‌టాప్ చార్జరు వల్ల వచ్చే రొదకీ అదే మందు.

జనరేటరు ఎంతది కావాలి అంటే 25 కేవీఏ మీకు చాలు. దాన్ని 0.8తో గుణిస్తే 20 కిలోవాట్లు. మీ సౌండు సగటున అందులో పావు వంతు కూడా వాడదు. అసలు తినేది లైట్లు. ఎల్ఈడీలైతే ఇబ్బంది లేదు. పాత వెయ్యి వాట్ల పార్ లైట్లు ఓ డజను పెడతామంటే మాత్రం అవే 12 కిలోవాట్లు, అప్పుడు లైట్లకి వేరే జనరేటరు అడగండి. డీజిల్ మొదలవకముందే నింపాలి. నడుస్తుండగా పోయకూడదు. స్టేజీ వెనక ముప్ఫై నలభై మీటర్ల దూరంలో పెట్టి, పొగగొట్టం జనం వైపు లేకుండా చూసుకోండి.

ఇప్పుడు బాక్సులు. దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే మీ మైదానానికి ఒక పక్క కోట గోడ ఉంది.

గాలిలో శబ్దం సెకనుకి ఇంచుమించు 345 మీటర్లు పోతుంది, మన నవంబరు సాయంత్రపు వేడికి అంతే. గోడ స్టేజీకి ఎదురుగా 60 మీటర్ల దూరంలో ఉందనుకోండి. బాక్సుల శబ్దం పోయి, రాతికి కొట్టుకుని, తిరిగొచ్చేసరికి 120 మీటర్లు, అంటే సెకనులో మూడో వంతు పైన. స్నేర్ డ్రమ్ము మీద కొట్టిన ప్రతి దెబ్బకీ ఇంకో దెబ్బ వినపడుతుంది. పాడేవాడు తన గొంతు తనకే వెనక నుంచి వచ్చి తగుల్తుంటే తాళం తప్పుతాడు. ఈక్వలైజరుతో (ఒక్కో శ్రుతిని విడిగా పెంచే, తగ్గించే సాధనం) దీన్ని బాగుచేయలేరు. స్టేజీని గోడకి వీపు పెట్టి వేయించండి, లేదా కనీసం గోడ పక్కగా ఉండేట్టు. స్టేజీ ఎటు వేయాలో టెంట్ హౌస్ వాళ్లు తెల్లారేసరికి తేల్చేస్తారు, కాబట్టి ముందు రోజు సాయంత్రమే వెళ్లి సున్నంతో గీత గీసి రండి. దాంతో పాటు గాలి ఎటు వీస్తోందో కూడా చూడండి. గాలికి ఎదురు వెళ్లే శబ్దం పైకి వంగిపోతుంది, వెనక కూర్చున్నవాళ్లకి అందదు. గాలి వాలున పోయేది కిందికి వంగి దూరం దాకా వెళ్తుంది. కళింగపట్నం లాంటి సముద్రపు ఒడ్డున వేస్తే స్టేజీ వీపు సముద్రం వైపు ఉండాలనేది అందుకే, సాయంత్రం గాలి అటు నుంచే వస్తుంది కాబట్టి.

మీ దగ్గరున్న నాలుగు బేసుల్ని స్టేజీకి చెరో పక్క రెండేసి పెడతానంటాడు మైక్ సెట్ ఆయన. వద్దనండి. రెండు పక్కలా బేసులుంటే ఏమవుతుందంటే, 60 హెర్ట్జ్ శబ్దపు తరంగం పొడవు సుమారు 5.8 మీటర్లు. మీరు నిలబడ్డ చోటికి ఎడమ బేసు దూరానికీ కుడి బేసు దూరానికీ తేడా అందులో సగం, అంటే 2.9 మీటర్లు ఉంటే, ఒకటి గాలిని తోస్తుండగా రెండోది లాగుతుంటుంది. ఆ చోట బేసే ఉండదు. నాలుగడుగులు పక్కకి జరిగితే గుండె అదురుతుంది. మైదానం మధ్య గీత మీద మాత్రం ఎప్పుడూ రెండూ కలిసి దద్దరిల్లుతుంటాయి. మిక్సరు ఆ గీత మీదే ఉంటే మీరు బేస్ ఎక్కువైందని తగ్గిస్తారు, పక్కన ఉన్నవాళ్లకి ఉన్నదీ పోతుంది. నాలుగూ కలిపి స్టేజీ ముందు మధ్యలో, ఒకదానికొకటి ఆనించి నేల మీద పెట్టండి. రెండు బేసులు పక్కపక్కన చేరితే ఒక్కదాని కంటే 6 డెసిబెల్స్ పెరుగుతుంది, నాలుగు చేరితే 12. మీకు ఇంకో రెండు బేసులు అక్కర్లేదు అన్నది ఇందుకే. చూడ్డానికి రెండు పక్కలా గోపురాల్లాగా ఉండదని ఆయన బాధపడతాడు. పడనివ్వండి.

అవి కలిపాక ఒక పరీక్ష తప్పక చేయండి. బేస్ బాగా ఉన్న పాట ఒకటి పెట్టి ఒక్క బాక్సు మాత్రం మోగించండి. రెండోది కలపండి. శబ్దం పెరగాలి. కలపగానే బేస్ చప్పబడిందంటే ఆ రెండోదాని లోపల స్పీకరు వైర్లు తారుమారయ్యాయన్నమాట. కాయిల్ మార్పించిన బాక్సుల్లో ఇది మామూలే. వైరు తిప్పితే చాలు. అలాగే నాలుగూ, టాపులూ.

టాపులు స్టాండ్ల మీద ఎత్తుగా, కొమ్ము (పై శ్రుతులు వచ్చే హారన్) జనం తలల పైన ఉండేలా. బాక్సు నుంచి దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ తగ్గుతుంది. 4 మీటర్ల దగ్గరున్న ముందు వరుసకీ, 32 మీటర్ల దగ్గరున్న చివరి వరుసకీ మధ్య 18 డెసిబెల్స్ తేడా. ముందువాళ్లు చెవులు మూసుకుంటుంటే వెనకవాళ్లు వేరుశెనగలు తింటూ కబుర్లు చెప్పుకుంటారు. బాక్సుని పైకెత్తి, కొంచెం కిందికి వంచి, మూడింట రెండు వంతుల దూరం వెనకున్న జనం వైపు గురిపెడితే ముందువాళ్ల నెత్తి మీదుగా శబ్దం పోతుంది, ఆ తేడా చాలా తగ్గుతుంది. ఒకే పక్క రెండు టాపుల్ని ఆనించి ఒకే వైపు తిప్పొద్దు, వాటి శబ్దాలు ఒకదానితో ఒకటి గొడవపడి గొంతు డొల్లగా వినపడుతుంది. ఒకటి మధ్యకి, ఇంకోటి బయటికి. స్టాండు కాళ్ల మీద ఇసుక మూటలు వేసి, తాడుతో కట్టాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుని చూసిన జిల్లాల వాళ్లం, గాలి గురించి ఇంకా ఎవరో చెప్పాలా. స్టీరియో జోలికి పోకండి. అంతా మోనో, అంటే రెండు పక్కలా ఒకే శబ్దం.

మిక్సరు బల్ల స్టేజీ పక్కన, తెర వెనక పెట్టే అలవాటు మన ఊళ్లలో చాలా గట్టిది. అక్కడ కూర్చుంటే జనానికి ఏం వినపడుతోందో మీకు తెలిసే దారే లేదు. జనం మధ్యలో, స్టేజీకి పదిహేను ఇరవై మీటర్ల దూరంలో, మధ్య గీతకి కాస్త పక్కగా బల్ల వేయించండి. మీదకి చిన్న షామియానా ఉండాలి కానీ పక్క గుడ్డలు కట్టకూడదు. నవంబరు చివర రాత్రి ఎనిమిది దాటితే మంచు దిగుతుంది, మిక్సరు మీద తడి చేరుతుంది. బల్ల కింద ఒక టార్పాలిన్ సిద్ధంగా ఉంచండి, వానకైనా పనికొస్తుంది.

స్టేజీ మీద గోల గురించి. ఇది మీ చేతుల్లో కంటే కుర్రాళ్ల చేతుల్లో ఎక్కువ. నాలుగు మీటర్ల వెడల్పు స్టేజీ మీద డ్రమ్ములు, రెండు గిటారు యాంపులు, నాలుగు మానిటర్లు (వాయించేవాళ్లు తమని తాము వినడానికి వాళ్ల వైపు తిప్పి పెట్టే బాక్సులు) ఉంటే పాడేవాడి మైకులోకి వాడి గొంతు కంటే డ్రమ్ముల మీది తాళాల (సింబల్స్) చప్పుడే ఎక్కువ పోతుంది. ఆ మైకుని మీరు పెంచితే తాళాలు పెరుగుతాయి. గిటారు యాంపుని నేల మీద పెడితే ఆ శబ్దం గిటారిస్టు కాళ్ల పక్కనుంచి పోయి ముందు వరుస వాళ్ల మొహాన కొడుతుంది. వాడికేమో వినపడక ఇంకా పెంచుతాడు. యాంపుని కుర్చీ మీద పెట్టి, వెనక్కి వంచి, వాడి చెవి వైపు తిప్పండి. స్టేజీకి అడ్డంగా తిప్పినా మంచిదే. తనంతట తనే తగ్గిస్తాడు. "తగ్గించు తమ్ముడూ" అని పదిసార్లు అరవడం కంటే ఇది పనిచేస్తుంది.

డ్రమ్ములకి మూడు మైకులు చాలు: కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము), స్నేర్, పైన ఒకటి. పైది చాలాసార్లు మూసే ఉంచుతాను. మైకులు ఎన్ని తెరిచి ఉంటే కూత (బాక్సు శబ్దం తిరిగి మైకులోకే పోయి కూయడం) అంత త్వరగా వస్తుంది. తెరిచిన మైకుల సంఖ్య రెట్టింపైతే మూడు డెసిబెల్స్ నష్టం. పాడనివాడి మైకు మూసేయడమే మీరు రాత్రంతా చేయాల్సిన పెద్ద పని.

మానిటర్ కూత ఆపాలంటే మైకు వెనక వైపు ఏం ఉందో చూడాలి. కార్డియాయిడ్ మైకు, మనవాళ్లు ఎక్కువగా వాడే ఎస్ఎం58 రకం, సరిగ్గా తోక వైపు చెవిటిది. అందుకని మానిటరు పాడేవాడికి తిన్నగా ఎదురుగా ఉండాలి. సూపర్‌కార్డియాయిడ్ అయితే తోక వైపు కొంచెం వింటుంది, దానికి మానిటరు కాస్త పక్కకి జరగాలి. జనం రాకముందే మైకు తెరిచి మానిటర్ని నెమ్మదిగా పెంచుతూ పోండి. మొదట కూసిన శ్రుతిని గ్రాఫిక్ ఈక్వలైజరులో మూడు డెసిబెల్స్ కోయండి. ఊఁ అని బొంగురుగా కూస్తే 250, 500 హెర్ట్జ్ మధ్య వెతకండి. కీచుమంటే 2000 పైన. ఫోనులో స్పెక్ట్రమ్ యాప్ ఉంటే వెతుకులాట తగ్గుతుంది. మూడు నాలుగు చోట్ల కోసి ఆపేయండి. పది చోట్ల కోస్తే కూత పోతుంది, దాంతో పాటు గొంతూ పోతుంది. ఇంకొకటి, సినిమాల్లో చూసి మైకు తలని గుప్పిట్లో పట్టుకునే కుర్రాళ్లు ప్రతి బ్యాండులో ఒకడుంటాడు. అలా పట్టుకుంటే మైకు తోక మూసుకుపోయి అన్ని వైపుల నుంచీ వింటుంది, కూత ఖాయం. పాట మొదలవకముందే పక్కకి పిలిచి చెప్పండి, స్టేజీ మీద చెబితే చిన్నబుచ్చుకుంటాడు.

తప్పెటగుళ్ల వాళ్లు వేరే లెక్క. గుండెకి కట్టుకున్న ఆ రేకు తప్పెట్లు పదిహేను మంది కలిసి వాయిస్తే మీ నాలుగు టాపులూ దిగదుడుపే. తప్పెట్లకి మైకు పెట్టొద్దు. వినపడాల్సింది ముందు పాడే ఆయన గొంతూ, వెనక పలికే వంత, కాళ్ల గజ్జెలు. ముందాయనకి తలకి తగిలించే కార్డ్‌లెస్ మైకు ఒకటి, వంతకి ముందు వైపు స్టాండు మైకులు రెండు. గజ్జెలకి నేలకి ఆనించి, స్పాంజి ముక్క మీద పడుకోబెట్టిన మైకు ఒకటి సరిపోతుంది. అన్నింటికన్నా ముఖ్యం, వాళ్లని చెక్క స్టేజీ ఎక్కించకండి. వాళ్లు గెంతులేస్తారు, ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కుతారు. పలకల కింద ఖాళీ ఉన్న స్టేజీ మద్దెలలా మోగి ప్రతి మైకులోనూ దుబ్బుదుబ్బుమంటుంది. స్టేజీ ముందు నేల మీదే ఆడనివ్వండి. వాళ్లకీ అదే ఇష్టం, చుట్టూ జనం ఉంటేనే వాళ్ల ఆట. అలా చేస్తే ఇంకో లాభం: వాళ్లు ఆడుతున్న అరగంటా పైన స్టేజీ మీద తర్వాతి బ్యాండు తీరిగ్గా సర్దుకుంటుంది. అందుకే వాళ్లని కార్యక్రమం మధ్యలో, సామాను ఎక్కువున్న బ్యాండుకి ముందు పెట్టండి. మంచుకి తోలు వదులైతే డప్పు ఉన్న బ్యాండువాళ్లు మంట వేసి కాచుకుంటామంటారు. వేసుకోనివ్వండి, కేబుళ్లకీ జనరేటరుకీ దూరంగా.

వీణ మాటకొస్తే, బయటి మైకు పెడితే మీకు వినపడేది వీణ కాదు, పక్కనున్న డ్రమ్ములు. పనస చెక్కని తొలిచి చేసిన ఆ కుండకి అంటించే పికప్ మైకు ఉంటుంది, అది డీఐ లోకి, అక్కడి నుంచి మిక్సరుకి. పికప్ శబ్దం కాస్త రేకులా ఉంటుంది, 2000 నుంచి 4000 మధ్య కొంచెం తగ్గిస్తే మెత్తబడుతుంది. కుండ బోలుగా ఉంటుంది కాబట్టి తక్కువ శ్రుతుల్లో బుంగలా కూస్తుంది, 100 హెర్ట్జ్ కింద కోసేయండి. వాయించే ఆమెనో ఆయన్నో డ్రమ్ములకి వీలైనంత దూరంగా, బేసు గిటారు యాంపుకి ఎదురుగా లేకుండా కూర్చోబెట్టండి. వీణ చానల్ గెయిన్ (మిక్సరులోకి వచ్చే శబ్దాన్ని పెంచే నాబ్) సరిపోక పెంచుతూ పోతే చివరికి కూసేది అదే. మిగతావాళ్లు ఆ పాటకి తగ్గి వాయించాలి. ఇది సౌండువాడు చేయగలిగిన పని కాదు, బ్యాండు పెద్దతో ముందే మాట్లాడుకోవాల్సింది.

ఇక మార్పిడి. ఐదు బ్యాండ్లంటే నాలుగు మార్పిడులు, ఒక్కోటి పదిహేను నిమిషాలు. ఇక్కడే కార్యక్రమాలు కూలిపోతాయి. బ్యాండు మారినప్పుడల్లా కేబుళ్లు పీకి కొత్తగా పెడితే ఏది ఎక్కడికి పోయిందో ఎవరికీ తెలియదు. పదహారు చానళ్లనీ ముందే పంచేయండి, ఎవరొచ్చినా మారవు: 1 కిక్, 2 స్నేర్, 3 పైమైకు, 4 బేసు గిటారు డీఐ, 5, 6 గిటారు యాంపులు, 7, 8 కీబోర్డు, 9 వీణ లేదా అకౌస్టిక్ గిటారు, 10 డప్పు, 11 నుంచి 14 గొంతులు, 15 యాంకరు కార్డ్‌లెస్, 16 ఫోను పాటలు. తప్పెటగుళ్ల అరగంటకి మాత్రం ముందాయన కార్డ్‌లెస్ 9లోకి, వంత స్టాండులు 13, 14లోకి, నేల మైకు 10లోకి పోతాయి. ప్రతి కేబులుకీ రెండు చివర్లా రంగు టేపు మీద అంకె రాయండి. డ్రమ్ము సెట్టు ఒక్కటే ఉండాలి, అందరూ దాన్నే వాడాలి. ఎవరి స్నేర్, ఎవరి తాళాలు వాళ్లు తెచ్చుకుంటే చాలు. ప్రతి బ్యాండు దగ్గరా వారం ముందే ఒక కాగితం తెప్పించుకోండి: ఎవరెక్కడ నిలబడతారు, ఏం వాయిస్తారు, ఎన్ని ప్లగ్గులు కావాలి. ఫోనులో ఫొటో తీసి పంపినా చాలు.

మధ్యాహ్నం సౌండ్ చెక్ తిరగేసి చేయాలి, చివరి బ్యాండు మొదట, మొదటి బ్యాండు చివర. అప్పుడు మొదటి బ్యాండు సామాను స్టేజీ మీదే ఉండిపోతుంది, నేరుగా మొదలుపెట్టొచ్చు. మధ్యలో మార్పిడులకి లైన్ చెక్ మాత్రమే, ఒక్కో మైకు పలుకుతోందా లేదా అని. స్టేజీ మీద ఒకడు, మిక్సరు దగ్గర ఒకడు, అంకెలు అరుచుకుంటూ రెండు నిమిషాల్లో అయిపోవాలి. "హలో మైక్ టెస్టింగ్" జనానికి వినపడక్కర్లేదు, హెడ్‌ఫోన్‌లో వినండి.

ఒక సంగతి మీరు లెక్కలో వేసుకోలేదనిపించింది. మన దగ్గర కార్యక్రమం అంటే జ్యోతి ప్రజ్వలన, ముఖ్య అతిథి ప్రసంగం, శాలువాలు, జ్ఞాపికలు. ఇరవై నిమిషాలు అన్నది నలభై అవుతుంది. సౌండ్ చెక్‌కి మీరు పెట్టుకున్న సమయాన్ని తినేసేది అదే, చివరి బ్యాండుకి పది నిమిషాలే మిగిల్చేదీ అదే. దాన్ని మొదట్లో కాకుండా తప్పెటగుళ్లకి ముందు పెట్టమని అడగండి. ప్రసంగాలకి చానల్ 15, ఇంకొకటి బల్ల మీద. అప్పుడు రివెర్బ్ (గొంతుకి కలిపే గది మోత) మూసేయడం మరవకండి, లేకపోతే, పెద్దమనిషి మాట బావిలోంచి వచ్చినట్టుంటుంది. బ్యాటరీలు కొత్తవి, ప్రసంగాలకి ముందే మార్చినవి.

ఇప్పుడు మీ నాబ్‌లు. ఒక్కో చానల్ గెయిన్‌ని, వాళ్లు నిజంగా వాయించేంత గట్టిగా వాయిస్తుండగా, మీటరు పచ్చలో ఉండి అప్పుడప్పుడు పసుపు తగిలేలా పెట్టండి. ఎర్ర లైటు వెలిగితే గెయిన్ తగ్గాలి, ఫేడరు (కింద జారే మీట) కాదు. లో కట్ బటన్ (కింది శ్రుతుల్ని కోసేది) కిక్, బేసు, కీబోర్డు తప్ప అన్నింటికీ నొక్కేయండి. గొంతులకి 120 దాకా కోసినా తప్పులేదు, గాలి హోరూ స్టేజీ దుబ్బులూ పోతాయి. మైకులకి స్పాంజి టోపీలు పెట్టండి. ముందు గొంతులు నిలబెట్టి, వాటి చుట్టూ మిగతావి చేర్చండి. డ్రమ్ములతో మొదలుపెట్టి పైకి కట్టుకుంటూ పోతే చివరికి గొంతుకి చోటుండదు. తెలుగులో చ, ట లాంటి హల్లుల పదును ఎక్కువగా 2000 నుంచి 5000 హెర్ట్జ్ లోపు ఉంటుంది, గిటారు యాంపూ అక్కడే అరుస్తుంది. గొంతుని పెంచే ముందు గిటారుని అక్కడ మూడు డెసిబెల్స్ కోసి చూడండి. ఆరుబయట గదిలో మాదిరి మోత ఉండదు కాబట్టి గొంతు బోసిగా అనిపిస్తుంది, ఒకటిన్నర సెకన్ల రివెర్బ్ కొద్దిగా కలపండి.

మిక్సరు దగ్గర 95 నుంచి 98 డెసిబెల్స్ చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వేదికలకి పెట్టిన పైహద్దు, పదిహేను నిమిషాల సగటున 100. డీజే బండ్ల వెనక నడిచి పెరిగిన కుర్రాళ్లకి ఇది చప్పగా అనిపించొచ్చు, కానీ డీజేకి మాట అర్థం కానక్కర్లేదు, బ్యాండుకి అర్థం కావాలి.

రాత్రి పది మాటేమిటంటే, 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు నిషేధం. పండగలకీ సాంస్కృతిక కార్యక్రమాలకీ అర్ధరాత్రి దాకా సడలించే అధికారం ప్రభుత్వానికుంది, ఏడాదిలో 15 రోజులకి మించకుండా. మీ కార్యక్రమం ఆ రోజుల్లో ఉందని ఊహించుకోకండి. పోలీసుల దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకుని కాపీ మిక్సరు బల్ల మీదే ఉంచుకోండి. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలంగా ప్రభుత్వం ప్రకటించి ఉండొచ్చు, కనుక్కుని మీ మైదానం నుంచి కొలిచి చూసుకోండి. ఇంకోటి, చీకటి పడి నేల చల్లబడ్డాక పైన గాలి ఇంకా వెచ్చగా ఉంటుంది, అప్పుడు శబ్దం కిందికి వంగి మధ్యాహ్నం వినపడని వీధుల్లోకి కూడా పోతుంది, ముఖ్యంగా బేస్. తొమ్మిదిన్నర తర్వాత బేసుల్ని రెండు మూడు డెసిబెల్స్ దించితే జనానికి తేడా తెలియదు, ఆ వీధులవాళ్లకి తెలుస్తుంది.

డిజిటల్ మిక్సరు అద్దెకి తీసుకోవాలా అని చివర్లో ఒక ముక్క అడిగారు. విశాఖలో బెరింజర్ ఎక్స్‌32 లాంటిది దొరికి, దాన్ని వాడటం వచ్చిన మనిషి కూడా వస్తానంటే తీసుకోండి, సౌండ్ చెక్‌లో ప్రతి బ్యాండుకీ ఒక సీన్ (నాబ్‌ల అమరిక మొత్తం) దాచుకోవచ్చు, టాబ్లెట్ పట్టుకుని స్టేజీ మీదకెళ్లి మానిటర్లు సరిచేయొచ్చు. మనిషి లేకుండా పెట్టె ఒక్కటే వస్తుందంటే మాత్రం మైక్ సెట్ ఆయన పాత పదహారు చానళ్లదే నయం. సౌండ్ చెక్‌లో ఒక్కో బ్యాండు అయ్యాక నాబ్‌ల ఫొటో తీసి, బ్యాండు పేరుతో ఫోనులో దాచుకోండి. మార్పిడి సమయంలో ఆ ఫొటో చూస్తూ తిప్పుకోవచ్చు.